మోటెల్ గది తాళం ఎవరి చేతిలో ఉండాలి?

1964 జూలై 2న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్, హోటళ్ల లాంటి చోట్ల రంగు చూసి ఎవర్నీ ఆపకూడదనే పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ సిరా ఆరకముందే అట్లాంటాలో ఒక మోటెల్ యజమాని ఫెడరల్ కోర్టు మెట్లెక్కాడు. మోటెల్ పేరు హార్ట్ ఆఫ్ అట్లాంటా. ఊరి నడిబొడ్డున 216 గదులు, పెద్ద హైవేలకు దగ్గర. జార్జియా రాష్ట్రంలో రోడ్ల పక్కన యాభైకి పైగా బోర్డులు పెట్టి మరీ ప్రయాణికులను పిలిచేది. దిగేవాళ్లలో ముప్పాతిక మంది వేరే రాష్ట్రాల వాళ్లే. వచ్చినవాళ్లు నల్లజాతి వాళ్లయితే మాత్రం గది దొరికేది కాదు.

యజమాని మోర్టన్ రోలెస్టన్ స్వయానా లాయరు. సుప్రీంకోర్టు దాకా తన కేసు తానే వాదించుకున్నాడు. నా ఆస్తి నాది, నా గదిలో ఎవరు దిగాలో చెప్పడానికి ప్రభుత్వమెవరు అన్నది ఆయన మొదటి మాట. అక్కడితో ఆగలేదు. ఇష్టం లేని అతిథికి గది ఇమ్మనడం అంటే తన చేత వెట్టి చేయించడమేనని, అది 13వ రాజ్యాంగ సవరణకు విరుద్ధమని కూడా వాదించాడు. 13వ సవరణ అంటే 1865లో బానిసత్వాన్ని రద్దు చేసినది. బానిసల మునిమనవళ్లకు గది ఇవ్వమంటే ‘నన్ను బానిసను చేస్తున్నారు’ అని ఒక తెల్లజాతి యజమాని దేశంలోకెల్లా పెద్ద కోర్టులో నిలబడి అన్నాడన్నమాట.

ఇది వెటకారంలా వినిపిస్తుంది గానీ ఆయన వెటకారమాడలేదు. అమెరికా పౌరజీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ వాదన దగ్గర కాసేపు ఆగాలి. మన దగ్గర సమానత్వానికి అడ్డుపడేవాళ్లు ఎక్కువగా ఆచారం పేరు చెబుతారు, పెద్దల నాటి కట్టుబాటు అంటారు. అమెరికాలో చెప్పే పేరు స్వేచ్ఛ. ‘సమానత్వానికి నేను వ్యతిరేకం’ అని అక్కడ దాదాపు ఎవరూ అనరు. ‘నా స్వేచ్ఛ సంగతేంటి?’ అంటారు. రెండూ ఒకే ప్రకటనలో పుట్టిన కవల ఆదర్శాలని బడి పుస్తకాల్లో చదువుకుంటాం. కోర్టు రికార్డులు తిరగేస్తే, ఆ కవలలు రెండున్నర శతాబ్దాలుగా ఒకే మంచం మీద చోటు కోసం తోసుకుంటున్నట్టు కనిపిస్తారు.

1776 జూలై నాటి స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారని ఉంది. అది రాసిన థామస్ జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. ఈ విషయం ఇప్పుడు అందరికీ తెలిసిందే, అది చెప్పి ఆగిపోతే లాభం లేదు. ఆ వాక్యాన్ని నమ్మి, దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లిన వాళ్లు ఏమయ్యారన్నది అంతకన్నా ఆసక్తికరమైన సంగతి.

అలా వెళ్లినవాళ్లలో తొలి వరసలో ఉండే పేరు ఎలిజబెత్ ఫ్రీమన్‌ది. అప్పటికి ఆమెకు ఆ పేరు లేదు, అందరూ బెట్ అని పిలిచేవాళ్లు. మసాచుసెట్స్‌లోని షెఫీల్డ్‌లో జాన్ ఆష్లీ అనే పెద్దమనిషి ఇంట్లో బానిస. మనుషులు సహజంగా సమానులు, స్వేచ్ఛాపరులు అని చెప్పే ఒక తీర్మానాన్ని 1773లో ఆ ఊరి పెద్దలు ఆ ఇంట్లోనే కూర్చుని రాసుకున్నారు. వాళ్లకు వడ్డిస్తూ ఆమె ఆ మాటలు వినిందని చెబుతారు. 1780లో వచ్చిన రాష్ట్ర రాజ్యాంగం మనుషులందరూ పుట్టుకతో స్వేచ్ఛాపరులు, సమానులు అని తేల్చి చెప్పింది. మరుసటి ఏడు ఆమె థియొడోర్ సెడ్జ్‌విక్ అనే లాయరును పట్టుకుని దావా వేయించింది. గ్రేట్ బారింగ్టన్ కోర్టులో జ్యూరీ ఆమెను, ఆమెతో పాటు దావా వేసిన బ్రోమ్ అనే అతన్ని విడుదల చేసి, ముప్పై షిల్లింగుల పరిహారం ఇప్పించింది. జీతమిస్తాను, తిరిగి రమ్మని ఆష్లీ అడిగాడు. ఆమె వెళ్లలేదు. సెడ్జ్‌విక్ ఇంట్లో జీతానికి చేరింది. ఆ తర్వాత రెండేళ్లకు మరో కేసులో, మా రాజ్యాంగం కింద బానిసత్వానికి చోటు లేదని మసాచుసెట్స్ పెద్ద కోర్టు తేల్చింది.

చదవడం రాదని చెప్పే ఆ మనిషి రాజ్యాంగాన్ని దాన్ని రాసినవాళ్లకన్నా నిక్కచ్చిగా అర్థం చేసుకుంది. ఆమె కేసులో స్వేచ్ఛ, సమానత్వం ఇంకా విడిపోలేదు. ఒకటి అడిగితే రెండోది దానంతట అదే వచ్చింది.

1787లో ఫిలడెల్ఫియాలో రాసిన దేశ రాజ్యాంగంలో ఆ వెసులుబాటు లేదు. ఆ పత్రంలో ‘సమానం’ అన్న మాట కనిపిస్తుంది, సెనేట్‌లో రాష్ట్రాల ఓట్ల లాంటి లెక్కల దగ్గర. మనుషుల గురించి కాదు. ‘బానిస’ అన్న మాట అసలు లేదు. ఆ సంగతి వచ్చిన ప్రతిచోటా ‘ఇతర వ్యక్తులు’ లాంటి చాటుమాటలు వాడి, జనాభా లెక్కలో వాళ్లలో ప్రతి అయిదుగురినీ ముగ్గురిగా లెక్కించారు. నాలుగేళ్లకు 1791లో హక్కుల పత్రం చేర్చారు. దాని మొదటి సవరణ ఎలా మొదలవుతుందో గమనించాలి: ఫలానా చట్టం కాంగ్రెస్ చేయకూడదు. వాక్ స్వేచ్ఛ, మత స్వేచ్ఛ, పత్రికా స్వేచ్ఛ అన్నీ ప్రభుత్వం చేతికి వేసిన సంకెళ్లే. పౌరుడి చేతికి వేసినవి కావు.

అంతర్యుద్ధం ముగిశాక 1868లో 14వ సవరణ వచ్చింది. ‘చట్టాల సమాన రక్షణ’ అన్న మాట దేశ రాజ్యాంగంలోకి అప్పుడే చేరింది. కానీ దాని వాక్య నిర్మాణమూ పాతదే: ఏ రాష్ట్రమూ ఎవరికీ సమాన రక్షణ నిరాకరించకూడదు. రాష్ట్రం నిరాకరించకూడదు సరే, హోటల్ యజమాని నిరాకరిస్తే? రైలు కంపెనీ, నాటకశాల?

ఇక్కడే మన రాజ్యాంగంతో పోలిక ఉపయోగపడుతుంది. మన 14వ అధికరణలో ‘చట్టాల సమాన రక్షణ’ అన్న మాట అమెరికా 14వ సవరణ నుంచి వచ్చిందే. నంబర్లు కలవడం మాత్రం కాకతాళీయం. అయితే మన రాజ్యాంగం అక్కడ ఆగలేదు. దుకాణాలు, హోటళ్లు, వినోదశాలలు, బావులు, చెరువులు, స్నానఘట్టాల దగ్గర కులం, మతం పేరుతో ఎవర్నీ ఆపకూడదని 15వ అధికరణ పేరుపేరునా రాసింది. అంటరానితనాన్ని 17వ అధికరణ రద్దు చేసింది. అంటరానితనం ప్రభుత్వ ఆఫీసులో కన్నా ముందు బావి గట్టు మీద, టీ కొట్టు దగ్గర ఉంటుందని ఇక్కడ రాసినవాళ్లకు తెలుసు. రాసినంత మాత్రాన మన ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి పోలేదు, అది వేరే సంగతి. కాగితం మీద మాత్రం, 1950లోనే మనం హోటల్ యజమానికి చెప్పిన మాటను అమెరికా 1964 దాకా గట్టిగా చెప్పలేకపోయింది.

చెప్పడానికి ఒకసారి ప్రయత్నించింది. సత్రాలు, నాటకశాలలు, రైళ్లలో రంగు చూసి ఎవర్నీ ఆపరాదని 1875లో కాంగ్రెస్ చట్టం చేసింది. 1883లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 14వ సవరణ రాష్ట్రాలను కట్టడి చేస్తుంది గానీ ప్రైవేటు వ్యక్తులను కాదు అంది. నల్లజాతి ప్రయాణికుడికి గది నిరాకరించడం బానిసత్వపు ఆనవాలే కాబట్టి 13వ సవరణ కింద దాన్ని ఆపవచ్చన్న వాదన కూడా వచ్చింది. ప్రతి చిన్న వివక్షనూ బానిసత్వం అంటూ పోతే ఆ వాదన అరిగిపోతుందని తోసిపుచ్చింది కోర్టు. బానిసత్వం నుంచి బయటపడినవాడు ఎప్పుడో ఒకప్పుడు చట్టానికి ‘ముద్దుబిడ్డ’గా ఉండటం మానుకుని మామూలు పౌరుడు కావాలని జస్టిస్ బ్రాడ్లీ హితవు పలికాడు. బానిసత్వం పోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఒక్క జస్టిస్ హార్లన్ మాత్రమే ఒప్పుకోలేదు.

ఇప్పుడు మళ్లీ రోలెస్టన్ దగ్గరికి వద్దాం. గది దొరకకపోవడం బానిసత్వం కాదని 1883లో నల్లజాతి వాళ్లకు చెప్పారు. గది ఇవ్వాల్సి రావడం బానిసత్వమేనని 81 ఏళ్ల తర్వాత తెల్ల యజమాని అన్నాడు. అదే సవరణ, అదే మాట, చేతులు మారాయి. స్వేచ్ఛ అన్న మాటకు అమెరికాలో ఉన్న బలమూ, దానిలోని ప్రమాదమూ ఈ రెండు కేసులు పక్కపక్కన పెడితే తెలిసినంతగా ఇంకెక్కడా తెలియవు.

1964 డిసెంబర్ 14న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా రోలెస్టన్‌ను ఓడించింది. ఎలా ఓడించిందన్నది ఇంకా చిత్రం. 1883 తీర్పును పక్కన పెట్టి ‘మనుషులు సమానం కాబట్టి గది ఇవ్వు’ అనలేదు. రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని నియంత్రించే అధికారం కాంగ్రెస్‌కు ఉంది, నల్లజాతి ప్రయాణికులకు దారిలో గది దొరక్కపోతే ఆ వ్యాపారం కుంటుపడుతుంది, కాబట్టి చట్టం చెల్లుతుంది అంది. ఎక్కడ దిగవచ్చో చెప్పే ప్రత్యేక గైడ్‌బుక్ చేతిలో పెట్టుకుని నల్లజాతి వాళ్లు ప్రయాణాలు చేయాల్సి వస్తోందని తీర్పులో ప్రస్తావించింది. అదే రోజు అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని ఓలీస్ బార్బెక్యూ అనే హోటల్ కేసులోనూ తీర్పు వచ్చింది. అది కుటుంబం నడిపే హోటల్, వచ్చేవాళ్లు చాలావరకు ఊరివాళ్లే. నల్లజాతి వాళ్లకు పార్సిల్ ఇచ్చేది గానీ లోపల కూర్చోనిచ్చేది కాదు. అక్కడ రాష్ట్రాల మధ్య వ్యాపారం ఏముంది? ఆ హోటల్ ఏడాదికి కొన్న సుమారు లక్షన్నర డాలర్ల సరుకులో 46 శాతం రాష్ట్రం బయటి నుంచి వచ్చిన మాంసం. ఆ మాంసం పట్టుకుని కోర్టు సమానత్వాన్ని లోపలికి తెచ్చింది.

దొడ్డిదారి అనిపిస్తే అనిపించవచ్చు. ముందు గుమ్మాన్ని 1883లోనే మూసేశారు మరి.

స్వేచ్ఛ పేరుతో సమానత్వాన్ని ఎంతకాలం ఆపవచ్చో చూడాలంటే వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీకి వెళ్లాలి. ఫార్మ్‌విల్ అనే ఊళ్లో నల్లజాతి పిల్లల కోసం మోటన్ హైస్కూల్ ఉండేది. 180 మంది కోసం కట్టిన బడిలో 450 మంది చదివేవాళ్లు. చాలని చోట తారు కాగితం కప్పిన షెడ్లు వేశారు. కొత్త బడి కావాలని పెద్దలు ఎన్నిసార్లు అడిగినా బోర్డు నానబెట్టింది. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి పిల్లలందరి చేత సమ్మె చేయించింది. మన పిల్లలు ఊళ్లో ఏదో గొడవలో ఇరుక్కున్నారని ఫోన్ చేయించి ప్రిన్సిపాల్‌ను బడి దాటించి, ఆ లోపల అందర్నీ హాల్లోకి పిలిపించింది. పిల్లలు అడిగింది మంచి బడి. సాయానికి వచ్చిన, నల్లజాతి వాళ్ల హక్కుల కోసం పోరాడే సంఘమైన ఎన్‌ఏఏసీపీ లాయర్లు, వేరుగా ఉంచే పద్ధతే పోవాలని అడిగితేనే కేసు వేస్తామన్నారు. ఒప్పుకున్నారు. 1954 మే 17న బ్రౌన్ తీర్పుగా చరిత్రకెక్కినది నిజానికి ఇలాంటి కొన్ని కేసుల మూట. అందులో ఇదొకటి.

వేరు చేయడమంటేనే అసమానం అని ఆ తీర్పు తేల్చింది. పిల్లలను కలిపి కూర్చోబెట్టమని కోర్టు గట్టిగా పట్టుకునేసరికి 1959లో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ ఒక పని చేసింది. బడులన్నీ మూసేసింది. ఒకటి రెండు కాదు, కౌంటీలోని ప్రభుత్వ బడులన్నీ. తెల్ల పిల్లల కోసం ప్రైవేటు అకాడమీ వెలిసింది. ఫీజులకు ప్రభుత్వమే గ్రాంటులిచ్చింది, విరాళాలిచ్చిన వాళ్లకు పన్ను రాయితీ దొరికింది. నల్లజాతి పిల్లలు వెయ్యి మందికి పైగా వీధిన పడ్డారు. కొందర్ని వేరే ఊళ్లలోని చుట్టాల ఇళ్లకు పంపారు, కొందరు చర్చి కింది గదుల్లో అక్షరాలు దిద్దారు, చాలామంది చదువు అక్కడితో ఆగిపోయింది. అయిదేళ్లు. బడి ఉండాలో వద్దో తేల్చుకునే స్వేచ్ఛ స్థానికులది, ఎవరికీ బడి లేదు కాబట్టి అందరూ సమానమే అన్నది కౌంటీ వాదన. 1964లో సుప్రీంకోర్టు తెరవమంది. చదువు పోగొట్టుకున్న వాళ్ల కోసం వర్జీనియా ప్రభుత్వం స్కాలర్‌షిప్పులు పెట్టింది, 2004లో. అప్పటికి వాళ్లలో చాలామంది యాభై దాటినవాళ్లు.

పక్కా దౌర్జన్యం కన్నా మెత్తటి పద్ధతి కూడా ఒకటుంది. దాని పేరులోనే స్వేచ్ఛ ఉంది: ‘ఎంపిక స్వేచ్ఛ’ పథకం. అదే రాష్ట్రంలోని న్యూ కెంట్ కౌంటీలో రెండు బడులు, ఒకటి తెల్లవాళ్లది, ఒకటి నల్లవాళ్లది. ఎవరు ఏ బడికైనా వెళ్లవచ్చు, ఆపేవారు లేరు అన్నారు. మూడేళ్లు గడిచినా ఒక్క తెల్ల విద్యార్థి కూడా నల్లవాళ్ల బడిని ఎంచుకోలేదు. నల్లజాతి పిల్లల్లో 85 శాతం పాత బడిలోనే ఉండిపోయారు. రెండు బడులను ఒక్కటిగా మార్చే బాధ్యత బోర్డుదైతే దాన్ని పిల్లల మీద, తల్లిదండ్రుల మీద వదిలేశారని 1968లో కోర్టు తప్పుపట్టింది. తలుపు తీసి ఉంది కదా, రావచ్చు కదా అనే మాట ఎంత తేలికో, గడప తొక్కే మొదటి పిల్లాడికి ఎంత టెన్షనో ఆ తీర్పు చదివితే తెలుస్తుంది.

ఇంతవరకు చదివినవాళ్లకు స్వేచ్ఛ అంటేనే అనుమానం పుడితే అది ఈ వ్యాసం చేసిన తప్పు. సమానత్వం కోసం పోరాడిన వాళ్ల చేతిలో ఉన్న పనిముట్టు కూడా ఆ స్వేచ్ఛే. 1950ల్లో అలబామా రాష్ట్రం ఎన్‌ఏఏసీపీ సభ్యుల జాబితా ఇమ్మని పట్టుబట్టింది. పేర్లు బయటపడితే ఉద్యోగాలు పోతాయి, ఇళ్ల మీదికి జనం వస్తారు. సంఘంగా కూడే స్వేచ్ఛ కింద ఆ జాబితా ఇవ్వనక్కర్లేదని 1958లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రక్షణ లేకపోతే దక్షిణాదిలో ఉద్యమం నిలబడటం కష్టమయ్యేది.

ఇలాంటి స్వేచ్ఛ తీర్పుల్లో ఒకటి మన దాకా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, వెస్ట్ వర్జీనియాలో జెండాకు వందనం చేయని యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ పిల్లలను బడి నుంచి వెళ్లగొట్టారు. బలవంతపు వందనం చెల్లదని 1943లో సుప్రీంకోర్టు అంది. మూడేళ్ల కిందట తానే ఇచ్చిన తీర్పును తిప్పికొట్టింది. ఆ తర్వాత నలభై ఏళ్లకు కేరళలో అదే మతానికి చెందిన ముగ్గురు పిల్లలు జనగణమన వస్తున్నప్పుడు మర్యాదగా నిలబడ్డారు గానీ పాడలేదు. బడి నుంచి తీసేశారు. 1986లో వాళ్లను తిరిగి చేర్చుకోమని తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ అమెరికా కేసునూ అందులో ప్రస్తావించారు. మన సంప్రదాయం, తత్వం, రాజ్యాంగం మూడూ సహనాన్నే చెబుతున్నాయని, దాన్ని పలచన చేయవద్దని ఆయన ముగించారు.

మనస్సాక్షికి విరుద్ధంగా మాట్లాడించకూడదన్న ఆ 1943 సూత్రమే 2023 జూన్ 30న ఇంకో రూపంలో తిరిగొచ్చింది. కొలరాడోలో ఒక వెబ్‌డిజైనర్ స్వలింగ జంటల పెళ్లిళ్లకు వెబ్‌సైట్లు చేయనని, చేయమనే రాష్ట్ర చట్టం తన వాక్ స్వేచ్ఛకు విరుద్ధమని వాదించి ఆరుగురికి ముగ్గురి తేడాతో గెలిచారు. వెబ్‌సైట్ కట్టడం మాట్లాడటమా, గది అద్దెకివ్వడం లాంటి వ్యాపారమా? మెజారిటీ జడ్జీలు 1943 నాటి బడి పిల్లలను తలచుకున్నారు, మైనారిటీ జడ్జీలకు 1964 నాటి హోటళ్లు గుర్తొచ్చాయి. రెండూ అమెరికా ఆదర్శాలే. పిల్లల కేసులో ఎదుట ఉన్నది ప్రభుత్వం ఒక్కటే. ఇక్కడ మూడో మనిషి ఉన్నాడు, గుమ్మం దగ్గర నిలబడి. ఆ తేడాను మెజారిటీ తేలిగ్గా తీసుకుందని అనిపిస్తుంది.

ఇక ‘అందరూ’ అంటే ఎవరన్న చిక్కు. 14వ సవరణలో సమాన రక్షణ ఇచ్చింది పౌరుడికి కాదు, ‘ఏ వ్యక్తికైనా’. ఆ ఒక్క మాట 1886లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా లాండ్రీల వాళ్లను కాపాడింది. చెక్క ఇళ్లలో లాండ్రీ నడపాలంటే అనుమతి తీసుకోవాలని నగరం రూలు పెట్టింది. రూలులో ఎక్కడా చైనా అన్న మాట లేదు. దరఖాస్తు చేసిన రెండు వందల మంది చైనీయుల్లో ఒక్కరికీ అనుమతి రాలేదు. చైనీయులు కానివాళ్లు ఎనభై మంది అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ వచ్చింది. రాత ఎంత తెల్లగా ఉన్నా అమలు వంకరైతే అది వివక్షేనని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో, చైనీయులైన తల్లిదండ్రులకు అమెరికా గడ్డ మీద పుట్టినవాడు అమెరికా పౌరుడేనని తేలింది. హెచ్-1బీ వీసా మీద వెళ్లిన తెలుగువాళ్ల పిల్లలు అక్కడ పౌరులుగా ఎదిగింది ఆ తీర్పు నీడలోనే. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే పుట్టిన బిడ్డకు పౌరసత్వం లేదని 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు జారీ చేయగానే, న్యూజెర్సీ నుంచి నిజాంపేట దాకా తెలుగిళ్లలో ఫోన్లు మోగింది అందుకే. ఆ ఉత్తర్వును ఫెడరల్ జడ్జీలు రోజుల్లోనే నిలిపేశారు.

గ్రీన్ కార్డ్ క్యూ సంగతి చెప్పకపోతే మన పాఠకులకు ఈ వ్యాసం అసంపూర్ణంగానే ఉంటుంది. 1924 చట్టం దేశాలను బట్టి కోటాలు పెట్టి, యూరప్‌కు, అందులోనూ ఉత్తర యూరప్‌కు పెద్దపీట వేసి, ఆసియాను దాదాపు గేటు బయటే నిలిపింది. 1965 అక్టోబర్ 3న జాన్సన్ స్వాతంత్ర్య దేవత విగ్రహం కింద నిలబడి ఆ పద్ధతికి స్వస్తి చెప్పే చట్టం మీద సంతకం చేశాడు. తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు అమెరికా బాట పట్టింది దాని తర్వాతే. ఏ దేశానికీ పక్షపాతం ఉండకూడదు కాబట్టి అన్ని దేశాలకూ ఒకే పరిమితి పెట్టారు. 1990 చట్టం దాన్ని ఏడు శాతం చేసింది. ఉద్యోగాల కోటాలో ఏటా దాదాపు లక్షా నలభై వేల గ్రీన్ కార్డులు, అంటే దేశానికి 9,800 దాకా. ఐస్‌లాండ్‌కు అంతే, ఇండియాకు అంతే. మిగిలిపోయినవి వస్తే నాలుగు ఎక్కువ. దేశాల మధ్య ఇంతకన్నా కచ్చితమైన సమానత్వం ఎవరూ రాయలేరు. మనుషుల దగ్గరికొచ్చేసరికి అదే పరమ అసమానం. పక్క సీటులో కూర్చుని అదే పని చేసే ఇద్దరిలో ఒకరికి ఏడాది రెండేళ్లు, ఒకరికి దశాబ్దాలు.

పైగా ఇక్కడ లెక్క పౌరసత్వానిది కాదు, పుట్టిన చోటుది. గుంటూరులో పుట్టినవాడు ఇండియా వరుసలో ఉంటాడు. అమ్మానాన్నలు గల్ఫ్‌లో ఉన్నప్పుడు కువైట్‌లో పుట్టిన అతని పిన్ని కొడుకు అదే భారత పాస్‌పోర్టుతో కువైట్ వరుసలో దాటిపోతాడు. భార్య కువైట్‌లో పుట్టిందైతే ఆమె లెక్కలో గుంటూరు మనిషీ దాటవచ్చు. ఇంట్లో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పుట్టిన కూతురు మొదటి ఏడుపుతోనే పౌరురాలు, తండ్రి ఇంకా క్యూలో. ప్రభువంశపు బిరుదులు ఇవ్వడాన్ని రాజ్యాంగంలోనే నిషేధించిన దేశం అది.

పుట్టుక మాట వచ్చింది కాబట్టి భగత్ సింగ్ థిండ్ కేసు. పంజాబ్ నుంచి వెళ్లి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన సిక్కు. అప్పటి చట్టం ప్రకారం పౌరసత్వం పొందగలిగేది ‘స్వేచ్ఛాపరులైన తెల్లవాళ్లు’, 1870 తర్వాత ఆఫ్రికా మూలాల వాళ్లు. 1922 నవంబర్‌లో ఒజావా అనే జపాన్ వ్యక్తి కేసులో, తెల్లవాడంటే కాకేసియన్ అని జస్టిస్ సదర్లాండ్ రాశాడు. సరే, ఉత్తర భారతీయులనూ కాకేసియన్లలో చేర్చే జాతిశాస్త్రం ప్రకారం నేను కాకేసియన్‌నే కదా అన్నాడు థిండ్. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరి 19న, అదే సదర్లాండ్ మాట మార్చాడు. శాస్త్రం కాదు, మామూలు మనిషి దృష్టిలో తెల్లవాడై ఉండాలన్నాడు. అంతకుముందే పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి కూడా దాన్ని లాక్కోవడం మొదలైంది. థిండ్‌కు చివరికి మాజీ సైనికుల కోసం వచ్చిన చట్టం కింద 1936లో పౌరసత్వం దొరికింది.

ఈ కేసును ప్రవాస భారతీయులు తమకు జరిగిన అన్యాయంగా చెప్పుకుంటారు, అది నిజమే. కానీ థిండ్ తరఫు వాదనలో ఒక ముక్కను సాధారణంగా చెప్పరు. పెళ్లిళ్ల విషయంలో అమెరికా తెల్లవాళ్లు నల్లవాళ్లను ఎలా చూస్తారో, పై కులం హిందువు కూడా తన దేశపు ఆదివాసీలను అలాగే చూస్తాడని, కాబట్టి తమ రక్తంలో కల్తీ లేదని ఆ వాదన. సమానత్వపు గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావడానికి అర్హతగా తన ఇంటి అసమానత్వాన్ని చూపించడం.

2023 ఫిబ్రవరి 21న, ఆ తీర్పుకు నూరేళ్లు నిండిన రెండు రోజులకు, సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. ప్రతిపాదించింది కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్. ఆ హాల్లో అటూ ఇటూ మాట్లాడినవాళ్లలో చాలామంది భారతీయ మూలాల వాళ్లే. ఇంటి అద్దె దగ్గర, ఆఫీసులో ఇంటిపేరు, ఊరు అడిగి కులం కూపీ లాగే అనుభవాలు కొందరు చెప్పారు. మా మతాన్ని ఒక్కదాన్నే బోనెక్కిస్తున్నారు, ఇది మా మత స్వేచ్ఛకు, మా సమాన రక్షణకు భంగం అని కొందరన్నారు. రెండో వాదనలో రోలెస్టన్ గొంతు వినిపిస్తోందనడం తొందరపాటు కావచ్చు. వలస వచ్చిన చిన్న సమాజానికి అనుమానపు చూపుల భయం నిజమైనదే. అయినా ఇల్లు అద్దెకు అడిగేవాడి కులంతో యజమానికి ఏం పని అన్న ప్రశ్నకు ఆ వాదన జవాబు చెప్పదు.

ఆ ఏడాదే కాలిఫోర్నియా శాసనసభ రాష్ట్రమంతటికీ వర్తించేలా, ‘వంశమూలం’ అన్న పాత మాట కిందే కులాన్నీ చేరుస్తూ బిల్లు పాస్ చేసింది. అక్టోబర్‌లో గవర్నర్ గావిన్ న్యూసమ్ దాన్ని వీటో చేశాడు. కులం పేరుతో వివక్ష ఇప్పుడున్న చట్టాల కిందే నిషిద్ధం, కొత్తది అక్కర్లేదన్నది ఆయన చెప్పిన కారణం. వ్యతిరేకించినవాళ్లు గెలిచామని సంబరపడ్డారు. కానీ ఆ వీటో ఉత్తరాన్ని ఇంకోసారి నిదానంగా చదివితే, కులం చూసి గది లేదనడం చట్టవిరుద్ధం కాదని అందులో ఎక్కడా లేదు. ఇదివరకే చట్టవిరుద్ధమని ఉంది.